మూఢంలో తొమ్మిది పుట్టినరోజులు

ఉగాదికి వారం ముందే పంచాంగం తెప్పించుకునే ఇళ్లు మణుగూరులో రెండే ఉన్నాయి. ఒకటి గుడి పూజారిగారిది. రెండోది చర్చి వెనక వీధిలో ఉండే జస్టిన్, ఆరాధనలది. పూజారిగారికి తిథులు, వర్జ్యాలు, రాహుకాలాలు అన్నీ కావాలి. వీళ్లకు పెళ్లి ముహూర్తాలు ఒక్కటే చాలు. ఆదివారం ముందు వరసలో కూర్చుని తమ రోజులన్నీ దేవుడి చేతిలో ఉన్నాయని గొంతెత్తి పాడి, ఇంటికొచ్చాక అందులో శుక్రుడి చేతిలో ఎన్ని ఉన్నాయో పంచాంగం తిప్పి చూసుకుంటారు. పెళ్లి ఫోటోలు తీసి బతికేవాళ్లకు అది తప్పదు.

శుక్రుడో గురుడో సూర్యుడి పక్కకు పోయి కనబడకుండా పోయిన రోజుల్ని మూఢం అంటారు. మూఢంలో పెళ్లిళ్లుండవు. బ్యాండ్ వాళ్లు, టెంటు వాళ్లు, వంట వాళ్లు, ఫోటోల వాళ్లు ఈగలు తోలుకుంటూ కూర్చుంటారు. అందుకని జస్టిన్ ఇంట్లో ఏడాది పొడుగునా చేయాల్సినవన్నీ మూఢానికి వాయిదా పడేవి. పుచ్చిపోయిన పన్ను, కారుతున్న ట్యాంకు, చుట్టాల పరామర్శ, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, అన్నీ ఒకే జాబితాలో ఉండేవి. మూఢం వచ్చాక మొదటి రెండు వారాలు మొగుడూ పెళ్లాం ఒళ్లు తెలియకుండా నిద్రపోయేవారు. ఆ తర్వాత హార్డ్ డిస్కులు సర్దుకునేవారు. అంతలో మళ్లీ ముహూర్తాలు మొదలయ్యేవి.

ఆ స్టూడియో అసలు పేరు జస్టిన్ ఫోటో స్టూడియో. ఆరేళ్ల కిందట జస్టిన్ హైదరాబాదులో రెండ్రోజుల వర్క్‌షాపుకు పోయొచ్చి, తాను ఇకమీదట ఫోటోగ్రాఫర్ని కాదనీ, కథలు చెప్పేవాణ్ననీ ప్రకటించాడు. బోర్డు మీద పేరు 'ఫరెవర్ ఫ్రేమ్స్' అని మారింది. బొగ్గుగని కాలనీల్లో అది ఎవరికీ నోరు తిరగలేదు. వాళ్లు ఇప్పటికీ జస్టిన్ ఫోటో స్టూడియో అనే అంటారు, ఆయనేమో వినబడనట్టు ఉంటాడు.

కథలు చెప్పేది ఆయనైతే, ఆ కథల్ని అతికించేది ఆరాధన. ఇంట్లోనే స్టూడియో పెట్టుకున్న ముందు గదిలో రెండు కంప్యూటర్ల మధ్య కూర్చుని వీడియోలు కోసి, కుట్టి, రంగులద్ది, పాట ఎక్కించేది ఆమే. అప్పగింతలప్పుడు పెళ్లికూతురి తల్లి ఏడవకపోతే, పొద్దున హోమం పొగకు ఆమె కళ్లలో తిరిగిన నీళ్లు తెచ్చి అక్కడ పెట్టేది. ఆ తల్లులే తర్వాత వీడియో చూసుకుని, ఆ రోజు తామెంతగా ఏడ్చామో తలుచుకుని మళ్లీ ఏడ్చేవారు. ఈ పనిలో ఆరాధనను మించినవాళ్లు భద్రాచలం దాకా లేరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

ఇద్దరు పిల్లలు. పెద్దది కెజియా, ఫిబ్రవరి పంతొమ్మిదిన పుట్టింది. అంటే నడి మాఘమాసంలో, పెళ్లిళ్లు ముంచుకొచ్చే రోజుల్లో. ఆ పిల్ల బతుకులో చేసిన మొదటి తప్పు అదే. రెండోవాడు ఎజ్రా విషయంలో అలాంటి పొరపాటు జరగకూడదని పంచాంగం ముందేసుకుని తొమ్మిది నెలలు వెనక్కి లెక్కపెట్టి, ఆషాఢంలో పుట్టేట్టు చూసుకున్నారు. వాడు పన్నెండు రోజులు ముందే, జ్యేష్ఠంలో ఆఖరి ముహూర్తం నాడు పుట్టాడు. దవాఖానా మంచం మీద ఒక చేత్తో వాణ్ని పట్టుకుని రెండో చేత్తో ఎవరిదో తలంబ్రాల వీడియో పూర్తిచేసి పంపింది ఆరాధన. ఈ ముచ్చట ఆమె కస్టమర్లకు గొప్పగా చెప్పుకునేది.

కెజియా పుట్టినరోజు ఏటా ఒకే తీరుగా జరిగేది. అమ్మానాన్నలు తెల్లవారక ముందే లైట్లు, స్టాండ్లు వ్యానులో వేసుకుని ఎవరి పెళ్లికో పోయేవారు. జస్టిన్ తల్లి విశ్రాంతమ్మ సేమియా పాయసం వండి, మనవరాలి నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, కొత్త గౌను తొడిగి బడికి పంపేది. ఫోనులో ఆరాధన, మూఢంలో బాగా చేద్దాం బిడ్డా అనేది. కెజియా ఏడ్చేది. ఏడుపు ఆగేదాకా ఫోను పట్టుకునే తీరిక కూడా ఆరాధనకు దొరికేది కాదు.

ఈ ఏడు ఫిబ్రవరి పంతొమ్మిదిన వాళ్లు కిన్నెరసాని డ్యాం దగ్గర ఉన్నారు. పెళ్లికి ముందు తీసే ఫోటోల కోసం పెళ్లికూతుర్ని బండ మీద నిలబెట్టి, ముగ్గురు మనుషుల చేత ఆమె చీర కొంగు గాల్లోకి విసిరిస్తున్నారు. అది జస్టిన్ కిన్నెరసానికి పోవడం పద్నాలుగోసారి. అక్కడి పార్కులో జింకలు ఆయన్ని గుర్తుపడతాయి. ఆయన కూతురు మాత్రం ఆ జింకల్ని పెళ్లి ఆల్బముల్లో వెనకాల మసకగా చూడటమే. ఆ మధ్యాహ్నం ఆరాధన ఫోను చేసి ఎప్పటి మాటే చెబితే కెజియా ఏడవలేదు. 'సరే' అంది. అంతే.

ఆ 'సరే' ఆరాధనకు గుండెలో ముల్లయి దిగింది. ఏడ్చే పిల్లను మూఢం పేరు చెప్పి ఓదార్చవచ్చు. ఏడవడం మానేసిన పిల్లతో ఏం మాట్లాడాలో ఆమెకు తెలియలేదు. ఇంటికొచ్చాక కూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకుని, మూఢం మొదలైన రోజే నలుగురం కిన్నెరసాని పోదామనీ, పడవెక్కుదామనీ, జింకలకు క్యారెట్లు పెడదామనీ మాటిచ్చింది.

"కెమెరా గూడ తెస్తరా?" అని అడిగింది కెజియా.

"తేం."

"మరి నాన్న?"

"నాన్న వస్తడు. కెమెరా రాదు."

కెజియా కాసేపు అమ్మ ముఖంలోకి చూసి, క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ గుండ్రంగా గీసుకుంది. ఈసారి మాట తప్పితే ఈ పిల్ల తన దగ్గరికొచ్చి ఇంకెప్పుడూ ఏదీ అడగదని ఆరాధనకు గట్టిగా అనిపించింది. ఆమెకున్న భయమంతా అదొక్కటే.

మూఢం నడివేసవిలో వచ్చింది. రేపు కిన్నెరసాని అనగా, ఈరోజు పొద్దున్నే చర్చి నుంచి పాస్టరు జకర్యా అయ్యగారు వచ్చి కూర్చున్నారు. ఆదివారం దంపతుల కూడిక ఉందనీ, 'పనీ, పిల్లలూ' అనే విషయం మీద మాట్లాడాలనీ, అందుకు ఒక మాదిరి కుటుంబం కావాలనీ చెప్పారు. భార్యాభర్తలిద్దరూ ఒకే కళను నమ్ముకుని పనిచేస్తూ, పిల్లల్ని పక్కనే పెట్టుకుని పెంచుతున్న ఇల్లు సంఘంలో మీదొక్కటే అన్నారు. లోపల వంటింట్లో విశ్రాంతమ్మకు దగ్గు తెర వచ్చింది. అది చాలాసేపటి దాకా తగ్గలేదు.

జస్టిన్ మొహమాటానికి కూడా కాదనలేదు. ఉత్త మాటలు ఎవరు వింటారు అయ్యగారూ, మా పిల్లల్ని పెంచుకున్న తీరు వీడియోగా చూపిస్తాం అన్నాడు. అయ్యగారు సంతోషంగా ప్రార్థన చేసి, టీ తాగి వెళ్లారు.

ఆయన అటు పోగానే డిస్కులన్నీ బయటకు వచ్చాయి. ఊళ్లో ఏ పిల్లకు ఏ పన్ను ఎప్పుడు ఊడిందో కూడా ఆ డిస్కుల్లో ఉంది. కెజియా మాత్రం 'టెస్ట్' అని పేరు పెట్టిన ఒకే ఒక ఫోల్డరులో దొరికింది. సెలవులప్పుడు పిల్లను కూడా వెంట తీసుకుపోతే, పెళ్లివాళ్లు రాకముందు వెలుతురు సరిచూసుకోవడానికి జస్టిన్ ఆమెనే స్టేజీ మీద నిలబెట్టేవాడు. గడ్డం కింద తెల్లకాగితం పట్టుకుని, ఖాళీ మహారాజా కుర్చీల పక్కన నిలబడ్డ కెజియా ఫోటోలు నాలుగు వందలకు పైగా ఉన్నాయి. ఒక్కో ఏటికి కాస్త పొడుగు పెరిగింది. ఒక్కదాంట్లో కూడా ఆమె పక్కన మనిషి లేడు. ఆరాధన వాటిని ఒక్కొక్కటే చూస్తూ ఉండిపోయింది. జస్టిన్ ఆమె భుజం మీదుగా తొంగిచూసి, స్కిన్ టోన్ బాగా వచ్చింది అన్నాడు.

తర్వాత ఆయనకు ఆలోచన తట్టింది. తొమ్మిది పుట్టినరోజులు జరగలేదు, అంతే కదా. ఇప్పుడు తీద్దాం. స్టూడియో ఉంది, లైట్లున్నాయి, పిల్ల ఉంది. ఆరాధన వద్దనాల్సింది. ఎన్ని రోజులు పడుతుంది అని అడిగింది.

రెండు రోజులన్నాడు. కిన్నెరసాని ఎక్కడికీ పోదు, మూఢం రెండు నెలలుంది అన్నాడు. కెజియాకు ఈ కబురు చెప్పే పని ఆరాధన మీద పడింది. కెజియా ఈసారి కూడా 'సరే' అంది. క్యాలెండరు దగ్గరికి పోయి, తేదీ చుట్టూ గీసుకున్న గీతను రబ్బరుతో చెరపబోయింది. పెన్నుతో గీసింది కాబట్టి పోలేదు.

మర్నాడు పొద్దున్నే స్టేజీ అలంకరణ చేసే ఫజల్, అతని భార్య ఫరహా బెలూన్లు, పూలు ఆటోలో వేసుకుని దిగారు. ఆ ఆలుమగలూ ఇదే బాపతు. ఊళ్లో పిల్లలందరి పుట్టినరోజులకూ బెలూన్లు వాళ్లే కడతారు. వాళ్ల కొడుకు ముదస్సిర్ పుట్టినరోజుకు మాత్రం, ఎవరిదో ఫంక్షను అయ్యాక పగలకుండా మిగిలిన బెలూన్లు ఇంటికొస్తాయి.

ఒకటో పుట్టినరోజుకు, రెండో పుట్టినరోజుకు కెజియా పెద్దదైపోయింది. అందుకని ఎజ్రాకు జాలరు గౌను తొడిగి, నెత్తిన గులాబి రిబ్బను కట్టి, వాడి చేత అక్క పుట్టినరోజులు చేయించారు. వాడు రిబ్బను పీకి నోట్లో పెట్టుకున్నాడు. మూడో ఏడు నుంచి కెజియానే. కెమెరాను స్టూలెక్కించి పైనుంచి తీస్తే పిల్ల చిన్నగా కనబడుతుంది. ఆరో ఏటికి ముందు పన్ను మీద నల్లరంగు పూశారు. బయట ఎండ నలభై అయిదు డిగ్రీలుంది. అయినా ఫిబ్రవరి అనిపించాలని జస్టిన్ అందరికీ స్వెటర్లు తొడిగించాడు. కేకు క్రీము గంటలో కారిపోతే, థర్మోకోలు కేకు పెట్టి దాని మీద అంకెలు మారుస్తూ పోయారు. వేడికి బెలూన్లు పేలినప్పుడల్లా ఫజల్ ఇంకొకటి ఊది కట్టేవాడు.

విశ్రాంతమ్మను కూడా కొత్త చీర కట్టించి నిలబెట్టారు. కానీ ఆమె జుట్టు తొమ్మిదేళ్లకూ ఒకే తెలుపుగా ఉండటం జస్టిన్‌కు నచ్చలేదు. చూసేవాళ్లు పట్టేస్తారన్నాడు. నువ్వు పక్కన కూర్చోమ్మా అన్నాడు. ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని, కొడుకునూ కోడల్నీ తేరిపార చూసింది.

"మీరు లేని తొమ్మిది పుట్టినరోజుల్ల నేనున్న. మీరున్న తొమ్మిదిట్ల నన్ను తీసేస్తున్రు," అంది. తిట్టినట్టు కూడా అనలేదు. పోయి తన మంచం మీద పడుకుంది. ఆరాధన తల వంచుకుని కేకు మీద నాలుగు తీసి అయిదు పెట్టింది.

అయిదో పుట్టినరోజుకు తండ్రి కూతుర్ని ఎత్తుకోవాలి. ఎత్తుకుంటే అయిదేళ్ల పిల్లలా కనబడుతుందని జస్టిన్ లెక్క. తీరా ఎత్తుకుంటే పిల్ల కాళ్లు ఆయన మోకాళ్ల కింది దాకా వేలాడాయి. కాళ్లు మడుచుకో, తల భుజం మీద పెట్టు, ఇప్పుడు నవ్వు అని పదకొండుసార్లు తీయించాడు. కెజియా పదకొండుసార్లూ విసుక్కోకుండా ఎక్కింది. ఆఖరిది బాగా వచ్చింది, చాలు అన్నా కూడా ఆ పిల్ల మెడ చుట్టూ వేసిన చేతులు తీయలేదు. దిగు బిడ్డా, టైమ్ పోతాంది అన్నాడు జస్టిన్. ఆమె దిగి స్వెటరు సర్దుకుని ఆరో పుట్టినరోజుకు తయారయింది.

ఆరాధన ఆ వీడియోను పాటతో సహా మూడు రోజుల్లో కట్టింది. ఆమె చేసినవాటిలోకెల్లా అదే గొప్పది. ఆదివారం చర్చి హాల్లో తలుపులు మూసి తెర మీద వేస్తే, రెండో నిమిషానికే ముక్కులు ఎగబీల్చడం వినబడింది. జ్వరమొచ్చిన బిడ్డను వదిలి బొగ్గు గనికి షిఫ్టుకు పోయిన తండ్రులు, పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ పిల్లల్ని కసిరిన టీచర్లు, అందరూ కళ్లు తుడుచుకున్నారు. విచిత్రమేమంటే ఆరాధన కూడా ఏడ్చింది. తెర మీద అయిదో పుట్టినరోజు నడుస్తుంటే, ఆ రోజు ఎంత బాగుందో అని మనసారా అనుకుంది. ఆ రోజు నిజంగా తానెక్కడుందో ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు.

వీడియో అయిపోయాక అయ్యగారు కెజియాను ముందుకు పిలిచి మైకు చేతికిచ్చారు. ఈ తొమ్మిదింటిలో నీకు ఏ పుట్టినరోజు ఇష్టం తల్లీ అని అడిగారు.  పిల్ల నిజం చెప్పేస్తుందని ఆరాధన భయపడింది. పక్కన జస్టిన్ చిరునవ్వు చెదరకుండా గుటకలు మింగుతున్నాడు.

"అయిదోది," అంది కెజియా. "ఆ రోజు నాన్న నన్ను శానాసేపు ఎత్తుకున్నడు. అమ్మ గూడ పొద్దంత ఇంట్లనే ఉన్నది."

హాలంతా చప్పట్లు మోగాయి. జస్టిన్ ఊపిరి పీల్చుకుని, పిల్ల ఎంత బాగా చెప్పిందో చూశావా అని భార్య చెవిలో అన్నాడు. ఆరాధన చప్పట్లు కొట్టలేకపోయింది. పిల్ల అబద్ధం ఆడలేదని ఆ హాల్లో ఆమె ఒక్కతికే అర్థమయింది. అమ్మానాన్నలు రెండు రోజులు కదలకుండా తన ఎదుట ఉండటం కెజియాకు అదే మొదటిసారి. ఆ పిల్లకు అది నటన కాదు, పండుగ. తన కూతురు ఇంత కొంచెంతో తృప్తి పడటం నేర్చుకున్నందుకు ఆరాధనకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఈ వారమే కిన్నెరసాని, ఎవరేమన్నా సరే అని గట్టిగా అనుకుంది.

ఆ సాయంత్రమే ఫజల్ వచ్చాడు. జస్టిన్ భాయ్, మా ముదస్సిర్‌కు గూడ ఓ ఆరు తియ్యరాదా అన్నాడు. వెనకాలే భారజల కర్మాగారంలో మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఇంజనీర్లయిన జంట వచ్చింది. వాళ్లకు ఇద్దరు పిల్లలవి కలిపి పదకొండు కావాలి. అడవి ఊళ్లలో పనిచేసే టీచర్ల జంటకు నాలుగు కావాలి, అందులో ఒకటి తాము ట్రాన్స్‌ఫర్ కోసం తిరిగిన ఏటిదట. బోనకల్ నుంచి ఎవరో ఫోను చేసి, అన్నప్రాశన కూడా తీస్తారా, బాబుకు ఇప్పుడు ఏడేళ్లు అని అడిగారు. జస్టిన్ దీనికి 'నిన్నటి నవ్వులు' అని పేరు పెట్టి, బోర్డు కింద ఇంకో బోర్డు కట్టించాడు. ఈగలు తోలుకోవాల్సిన మూఢంలో స్టూడియో ముందు చెప్పులు వదలడానికి చోటు లేకుండా పోయింది. ఆరాధన మొదటి వారం కిన్నెరసాని గురించి రోజూ గుర్తు చేసింది. రెండో వారం నుంచి ఆమెకు ఎడిటింగుతోనే సరిపోయింది.

బడి సెలవులు కాబట్టి కెజియా పొద్దున్నుంచీ స్టూడియోలోనే ఉండేది. వచ్చిన పిల్లలకు ఎలా నిలబడాలో, కాళ్లు ఎలా మడుచుకోవాలో ఆమే చెప్పేది. ఒకరోజు ముదస్సిర్ బిత్తరచూపులు చూస్తుంటే దగ్గరికి పోయి స్వెటరు గుండీలు పెట్టింది.

"కెమెరా దిక్కు చూడకు. మీ అబ్బా దిక్కు చూడు," అంది. "ఆయన రోజూ గిట్లనే ఉంటడన్నట్టు చూడు."

వాడు అలాగే చూశాడు. ఫోటో చక్కగా వచ్చింది. ఫరహా ముఖం తిప్పుకుని బెలూన్లు సర్దుకుంది. కంప్యూటరు దగ్గర కూర్చున్న ఆరాధన ఆ మాట విన్నది. విని, రెండుసార్లు తప్పు మీట నొక్కింది.

మూఢం వెళ్లిపోయే ముందు రోజు ఒక జంట రాలేకపోతున్నామని ఫోను చేసింది. రెండు నెలల్లో పనిలేని రోజు అదొక్కటే. ఆరాధన కంప్యూటరు ఆపేసింది. జస్టిన్ ఏదో అనబోతే నోరు మూయించింది. ఎజ్రాకు చెప్పులు తొడిగి, అత్తను తయారు కమ్మని, కెజియా దగ్గరికి పోయి, లే బిడ్డా, కిన్నెరసాని పోదాం అంది. 

కెజియా స్టేజీ మెట్టు మీద కూర్చుని ఉంది. అమ్మను, తోరణం కట్టి సిద్ధంగా ఉన్న స్టేజీని మార్చి మార్చి చూసింది. పని తెలిసిన మనిషి ఆలోచించినట్టు ఆలోచించింది.

"కిన్నెరసాని వద్దుగానీ అమ్మా," అంది. "స్టేజీ వేసే ఉన్నది గదా. నాన్న గూడ ఉన్నడు. నా పదో బర్త్‌డే ఇయ్యాలనే తీసేద్దామా? ఫిబ్రవరిల మీకు కుదరదు గదా."

అందులో అలక లేదు, దెప్పిపొడుపు లేదు. అమ్మానాన్నల ఇబ్బంది తీర్చడానికి ఒక ఉపాయం చెప్పింది, అంతే. జస్టిన్ ముఖం వెలిగిపోయింది. ముందే తీసిపెట్టుకోవడమన్నది తనకు తట్టనే లేదన్నాడు. ఇది జనానికి చెబితే ఎగబడతారన్నాడు, నా బిడ్డ ఎంత క్రియేటివో అని విశ్రాంతమ్మను పిలిచి మరీ చెప్పాడు. 

లేదు బిడ్డా, వచ్చే ఫిబ్రవరి పంతొమ్మిదిన నేను నీ దగ్గరే ఉంటాను అనడానికి ఆరాధన నోరు తెరిచింది. అంత సిగ్గు ఆమెకు పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ కలగలేదు. కానీ ఆ తేదీన భద్రాచలంలో పెళ్లి ఉంది. మొన్న సోమవారమే ఒప్పుకుని డైరీలో తన చేత్తోనే రాసుకుంది. తెరిచిన నోరు మూసుకుంది.

కెజియా స్వెటరు తొడుక్కుంటోంది. జస్టిన్ లైట్లు వేశాడు. ఆరాధన లోపలికి పోయి, ఒక సైజు పెద్ద గౌను ఉందేమోనని బీరువా వెతకడం మొదలుపెట్టింది.